నకలు సాబ్, రెండు సుర్మాదానులు

ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల రోడ్డు మీద నిలబడి "ఉస్మాన్ సాబ్ షాపు ఎక్కడ?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ ఊళ్లో ఉస్మాన్ సాబులు జొన్నకంకికి గింజలున్నంత మంది ఉన్నారు. "నకలు సాబ్ షాపు" అని అడగాలి. అప్పుడు సోడాబండి మనిషి దగ్గర్నుంచి మిల్లు గుమస్తా దాకా అందరి చేతులూ ఒకే వైపు లేస్తాయి.

ఆ పేరు ఆయనకు మిషను వల్ల వచ్చింది. మామూలు లేతు మీద పనివాడు కొలతలు చూసుకుంటూ, చక్రాలు తిప్పుకుంటూ ఇనుమును కోస్తాడు. సాబ్ దగ్గరున్నది నకలు లేతు. దానికి ఒక ఉక్కు వేలు ఉంటుంది. పాత సామానును నమూనాగా ఒక పక్కన కదలకుండా బిగిస్తే, ఆ వేలు దాని ఒంటి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా పాకుతుంది. వేలు ఎక్కిన చోట ఉలి ఎక్కుతుంది, వేలు దిగిన చోట ఉలి దిగుతుంది. ఇవతల గిర్రున తిరిగే కొత్త కడ్డీ అదే ఒంపుతో, అదే నడుముతో తయారై కూర్చుంటుంది. నమూనాను తిప్పి తిప్పి చూసి సొట్ట లేని పక్కను వేలి కిందికి తేవడమే సాబ్ పనితనం. సొట్ట ఉన్న పక్క పెట్టాడంటే ఆ సొట్ట కొత్త సామాను చుట్టూ గాజులాగా గాడి పడిపోతుంది.

చిప్పగిరి రైతు ఒకాయన తెచ్చిన గడ్డి కోసే మిషను పిడిని నకలు తీస్తున్నప్పుడు నమూనా మీద ఈగ వాలిందట. వేలు ఈగ మీదుగా ఎక్కి దిగింది. కొత్త పిడి చుట్టూ ఈగంత ఎత్తున ఉంగరం తేలింది. రైతు చూసి, చెయ్యి జారకుండా బలే పెట్టినావు సాబూ అని మెచ్చుకుని, ఇంకో నాలుగు అట్లాంటివే చెయ్యమన్నాడు. ఆ నాలుగింటి కోసం సాబ్ మధ్యాహ్నమంతా బెల్లంముక్క పట్టుకుని ఈగల కోసం కూర్చున్నాడని పక్కషాపు బసన్న చెబుతాడు. బసన్న పత్తి వ్యాపారుల తూకం కాటాలు బాగుచేసే మనిషి కాబట్టి, అతని మాటను ఊళ్లో ఎవరూ తూకం వెయ్యరు.

సాబ్ వయసులో ఉన్నప్పుడు ఒక మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు మూతపడిన రోజు తోటి పనివాళ్లు సైకిళ్లూ కుర్చీలూ ఇంటికి తీసుకుపోతే, ఈయన మూలన దుమ్ముపట్టి ఉన్న ఈ మిషనును ఎద్దులబండికెక్కించి, ముందు డప్పు కొట్టించుకుంటూ తెచ్చుకున్నాడు. భార్య నసీబ్‌బీ ఇప్పటికీ ఆ మాట ఎత్తి పొడుస్తుంది.

"నన్ను యెమ్మిగనూరు నుంచి పెండ్లి చేసుకుని తెచ్చినప్పుడు ఆర్టీసీ బస్సులో నిలబెట్టి తెచ్చినాడు. దీనికి మాత్రం బండి, డప్పు!"

"నువ్వు నడవగలవు. అది నడవలేదు కదే" అంటాడు సాబ్.

నకలు తీసీ తీసీ ఆ గుణం మనిషికే పట్టింది. నంద్యాల మనిషితో మాట్లాడితే నంద్యాల యాసలో, బళ్లారి మనిషితో మాట్లాడితే సగం కన్నడంలో మాట్లాడేవాడు. కుంటుకుంటూ వచ్చిన మనిషిని సాగనంపడానికి వీధి చివరిదాకా పోతే, తిరిగి వచ్చేటప్పుడు తనూ కాస్త కుంటేవాడు. ఎగతాళికి కాదు, తెలియకుండానే. నసీబ్‌బీ గుమ్మంలో నిలబడి, "ఇంగ చాలు, ఇల్లు వచ్చింది, సక్కగా నడువు" అని గుర్తు చేసేది.

ఇంత కాలంలో ఆ ఇంట్లో నకలు తియ్యని వస్తువు ఒక్కటే. నసీబ్‌బీ తల్లి సుర్మాదాని. కళ్లకు పెట్టుకునే సుర్మా పొడి దాచుకునే ఇత్తడి బుడ్డి అది. బొటనవేలంత పొడవు, సన్నటి మెడ, నిండు పొట్ట, పైన మూత, లోపల సుర్మా దిద్దే సన్నటి విడి పుల్ల. దాని మూలంగానే అక్కాచెల్లెళ్లు నసీబ్‌బీ, ఖాసింబీ విడిపోయారు.

ఖాసింబీ యెమ్మిగనూరులో ఉంటుంది. మగ్గాలవాళ్లకు కండెలు చుట్టిపెడుతుంది. తల్లి మంచాన పడ్డాక చూసుకున్నది ఆమే. పోయేముందు తల్లి సుర్మాదాని మాత్రం, ఇంటి పద్ధతి ప్రకారం పెద్దకూతురి చేతిలో పెట్టింది. "సేవ చేసింది నేను, సుర్మా పెట్టుకునే కండ్లు మాత్రం ఆపావి" అని ఖాసింబీ ఆ రోజు అక్క గురించి అన్న మాటకు నసీబ్‌బీ మరో మాట అన్నది. ఆ తర్వాత మాటలే లేవు. టిఫిన్ డబ్బాలు మాత్రం నడుస్తుండేవి. బక్రీదుకు ఇక్కణ్ణుంచి మాంసం పోయేది. ఖాళీ డబ్బా పంపకూడదు కాబట్టి అక్కణ్ణుంచి సేమ్యా వచ్చేది. మోసుకు తిరిగేది ఉస్మాన్ సాబ్. "మీ చెల్లెలు ఎట్లుందో అడగవా?" అంటే, "నేనేంటికి అడగల్ల? సేమ్యాలో జీడిపప్పు ఏసింది, బాగనే ఉండాది" అనేది నసీబ్‌బీ.

ఇప్పుడు మనవరాలు ఖుష్బూ పెళ్లి వచ్చింది. వరుడిది పత్తికొండ, టమోటా మండీలో పని. ఆ పిల్లకు ఛోటీ దాదీ, అంటే చిన్న నానమ్మ ఖాసింబీ అంటే ప్రాణం. "ఛోటీ దాదీ రాకుంటే నేను కండ్లకు సుర్మానే పెట్టించుకోను దాదా" అని తాతకు తెగేసి చెప్పింది. సాబ్ పెళ్లిపత్రిక పట్టుకుని యెమ్మిగనూరు పోతే, ఖాసింబీ దాన్ని కళ్లకద్దుకుని తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"దుల్హాభాయ్, నువ్వు అక్క మొగుడివి, నీకు ఎదురు సెప్పను. కానీ అమ్మ సుర్మాదాని నా చేతికి వచ్చిన రోజు నేను ఆ గడప తొక్కుతా. అదీ ఆపా పంపితేనే."

ఆ సాయంత్రం సాబ్ ఇల్లు చేరేసరికి నసీబ్‌బీ బంధువులకు పెట్టే చీరలు సర్దుతోంది. ఒక చిలకపచ్చ చీర తీసి పక్కన పెట్టింది. కాసేపటికి దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టింది. మళ్లీ తీసింది. చిలకపచ్చ ఖాసింబీకి ఇష్టమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సాబ్ గోడకు జేరబడి ఆ చీర పెట్టెలోకీ బయటకీ తిరగడం చూసి, ఒక నిశ్చయానికి వచ్చాడు. నకలు తీస్తాడు. నకలును అసలని చెప్పి ఖాసింబీకి ఇస్తాడు. ఆపానే పంపిందంటాడు. ఇద్దరి దగ్గరా తల్లి సుర్మాదాని ఉంటుంది. ఎవరికి నష్టం?

"ఏమే, ఆ సుర్మాదాని ఇట్ల ఇయ్యి. పెండ్లికి మెరుగు పెట్టిస్తా" అన్నాడు మరునాడు.

నసీబ్‌బీ దాన్ని నడుము సంచిలోంచి తీసి, ఇవ్వబోయి ఆగింది. "దాని పొట్ట మీద సొట్ట ఉండాది సూడు. దాన్ని ముట్టుకోవద్దు. అది నా పన్ను గుర్తు. చిన్నప్పుడు కొరికినా."

సాబ్ చెయ్యి చాపి తీసుకున్నాడు. అదే సొట్టను ఖాసింబీ తన పన్ను గుర్తని చెప్పడం ఆయన చాలాసార్లు విన్నాడు. ఇత్తడిని కొరికే పళ్లు ఆ వంశంలో ఇద్దరికీ ఉన్నాయనడంలో ఆయనకు ఏ సందేహమూ లేదు.

షాపులో ఆయన సుర్మాను కాగితంలోకి ఒంపి, బుడ్డిని కడిగి, పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు తుడిచి, మిషనుకు బిగించాడు. సొట్ట వెనక్కి పోయేట్టు తిప్పాడు. ఉక్కు వేలు సన్నటి మెడ మీద నుంచి పొట్ట మీదికి పాకింది. ఇవతల ఇత్తడి రజను బంగారు వడ్లపొట్టులా రాలింది. కొత్త బుడ్డికి బర్మాతో లోపల తొలిచి, మూతా పుల్లా అమర్చాడు. ఇక మిగిలింది వయసు తేవడం. చిన్న సుత్తితో సరిగ్గా అదే చోట అదే లోతున సొట్ట పెట్టాడు. చింతపండుతో రుద్దాడు, పొగ పెట్టాడు, కొబ్బరినూనె రాసి అరచేతుల మధ్య మధ్యాహ్నం దాకా దొర్లించాడు. తర్వాత పాతదానికీ కొత్తదానికీ కలిపి ఒక్కసారి మెరుగు పెట్టాడు.

తన పనితనం తనే పరీక్ష పెట్టుకుందామని కళ్లు మూసుకుని, రెంటినీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి, వేలితో తడిమాడు. తేడా దొరకలేదు. ఇంకా మార్చాడు. దొరకలేదు. కళ్లు తెరిచి చూశాడు. అప్పుడూ దొరకలేదు. సాబ్ మీసాల కింద నుంచి పెద్ద నవ్వొకటి బయల్దేరింది. జీవితంలో ఇంత మంచి నకలు ఆయన తియ్యలేదు. ఆ నవ్వు సగం దూరం వచ్చి ఆగిపోయింది.

ఏది ఏదో ఆయనకు తెలియడం లేదు.

"బసన్నా! యో బసన్నా! యిట్ల రాప్పా!"

బసన్న చిన్న కాటా పట్టుకుని వచ్చాడు. సంగతి విని, నవ్వు ఆపుకోలేక ఆయిలు డబ్బా మీద కూర్చున్నాడు.

"మొత్తానికి అత్తకే నకలు తీసినావు సాబూ!"

"నవ్వింది సాలు. తూకం ఎయ్యి."

తూచాడు. ఒకటి మరొకదానికంటే ఆవగింజంత ఎక్కువ తూగింది.

"ఇదో, ఇది బరువు. ఇప్పుడు సెప్పు, పాతది బరువుండల్లనా, కొత్తదా?"

"పాతది అరిగింటాది కదా. కాబట్టి తేలిగ్గా ఉండల్ల."

"పాతకాలం ఇత్తడి సాబూ. ఇప్పటి దాని మాదిరి నీళ్లిత్తడా? అది బరువే ఉండల్ల."

"అట్లయితే ఇది పాతది."

"అరిగింటాది అంటివే?"

"గమ్మునుండప్పా. ఉన్న మతి కూడా పోగొడతాండావు."

"నామాటిను. రెండూ అసలే అనుకో. లేకుంటే రెండూ నకలే అనుకో. ఒగటి జేబులో ఏసుకుని బస్సెక్కు."

సాబ్ బిస్మిల్లా అని కళ్లు మూసుకుని ఒకటి తీసుకున్నాడు. రెండోది సుర్మా నింపి ఇంటికి చేర్చాడు. నసీబ్‌బీ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, సొట్ట మీద వేలు ఆనించి, సంచిలో వేసుకుంది. అల్లా చల్లగా చూశాడనుకున్నాడాయన. అనుకున్నాడే గానీ, అసలు సుర్మాదాని నసీబ్‌బీ సంచిలోకి పోయిందో తన జేబులోకి వచ్చిందో తెలియక, యెమ్మిగనూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

ఖాసింబీ కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుని ఉంది. సాబ్ సుర్మాదాని తీసి చాపినప్పుడు, తిరుగుతున్న రాట్నాన్ని ఆపడం మరిచిపోయింది. దారం తెగి చక్రం ఊరికే తిరిగింది.

"ఆపా పంపిందా?"

"పంపింది."

"నోటితో సెప్పి పంపిందా?"

"నోటితోనే సెప్పి పంపింది. పెండ్లికి రమ్మని."

ఆమె దాన్ని చెంపకు ఆనించుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "అమ్మ వాసన వస్తాంది దుల్హాభాయ్" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది అమ్మ వాసనో, తను రుద్దిన చింతపండు వాసనో తెలియక సాబ్ అరచేతులు వెనక్కి దాచుకున్నాడు. వచ్చే ముందు మాత్రం జాగ్రత్త చెప్పాడు. "పెండ్లికి దీన్ని తేవద్దమ్మా. జనంలో యాడన్న పోతాది. ఇంట్లోనే పెట్టు." ఖాసింబీ అట్లనే అని తల ఊపింది. ఆ తల ఊపడంలోనే ఆమె తప్పకుండా తెస్తుందని ఆయనకు అర్థమైంది.

పెళ్లిరోజు పత్తికొండ వాళ్లు వ్యానులో మనుషులతో పాటు టమోటా బాక్సులు కూడా దించారు. వంటవాడు సంతోషంగా వాటి చుట్టూ తిరుగుతున్నాడు. చిలకపచ్చ చీరలో ఖాసింబీ వచ్చింది. ఆ చీర బసన్న చేతికిచ్చి ముందే యెమ్మిగనూరు పంపించింది ఎవరో సాబ్ అడగలేదు. అక్కాచెల్లెళ్లు గుమ్మంలో ఎదురుపడ్డారు. "సన్నగైనావు" అంది అక్క. "నీ జుట్టంతా తెల్లగైపోయిందే ఆపా" అంది చెల్లెలు. అంతే, మధ్యలో ఏ గొడవా లేనట్టు ఇద్దరూ లోపలికి పోయారు. సాబ్ పందిట్లో కుర్చీ అంచున కూర్చుని, ఆ గది తలుపు వైపే చూస్తున్నాడు.

లోపల ఖుష్బూను చాప మీద కూర్చోబెట్టారు. సుర్మా పెట్టే వేళైంది. కుడి పక్కన నసీబ్‌బీ సంచిలో చెయ్యి పెట్టింది. ఎడమ పక్కన ఖాసింబీ సంచిలో చెయ్యి పెట్టింది. రెండు చేతులూ ఒకేసారి బయటికి వచ్చాయి.

"ఖుష్బూ, మీ దాదాను పిలువు" అన్న నసీబ్‌బీ గొంతు పందిరి దాకా వినపడింది.

సాబ్ లోపలికి వచ్చేసరికి రెండు సుర్మాదానులూ చాప మీద పక్కపక్కన నిలబడి ఉన్నాయి. వాటికి అటూ ఇటూ అక్కాచెల్లెళ్లు.

"ఇది ఏంది? అది ఏంది?" అంది నసీబ్‌బీ.

"ఒగటి అసలు. ఒగటి నకలు."

"ఏది అసలు?"

సాబ్ టోపీ సర్దుకున్నాడు. "అది నాకూ తెల్దు."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఖాసింబీ నవ్వలేదు. "అట్లయితే ఆపా నాకు పంపలేదు" అంది మెల్లగా. "నువ్వే తెచ్చినావు."

ఆయన తల దించుకున్నాడు. తను కలపాలని చేసిన పని ఇద్దర్నీ మళ్లీ ఎన్నాళ్లకు విడదీస్తుందో అన్న భయం ఆయన ముఖంలో నకలు తీసినట్టు కనిపిస్తోంది.

నసీబ్‌బీ ఆయన వైపు కాసేపు చూసింది. తర్వాత ఒక బుడ్డి మూత తీసి, పుల్లను లోపలికి వదిలింది. పుల్ల అడుగు తాకి నిటారుగా నిలబడింది. రెండో దాంట్లో వదిలింది. పుల్ల ఒక పక్కకు వాలి, అంచుకు ఆనుకుంది.

"వంకర బొక్క!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

పాతకాలపు పనివాడు ఎవడో లోపలి రంధ్రం కొంచెం పక్కకు తొలిచాడు. తల్లి ప్రతి పొద్దునా ఆ పుల్లను తిట్టుకుంటూ తియ్యడం ఇద్దరికీ గుర్తే. ఉక్కు వేలు పైపైన పాకేదే కానీ బుడ్డి లోపలికి పోదు. లోపల తొలిచినప్పుడు సాబ్ కూడా తిన్నగా తొలిచాడు తప్ప, పాతదాని లోపలికి తొంగి చూడలేదు.

పుల్ల వాలింది ఖాసింబీ తెచ్చిన దాంట్లో.

ఖాసింబీ ఆ బుడ్డిని రెండు చేతులా పట్టుకుంది. చివరికి అక్క వైపు చాపింది. "తీసుకో ఆపా. నువ్వు పంపనిది నాకేంటికి?"

నసీబ్‌బీ బుడ్డిని తీసుకోలేదు. పుల్లను మాత్రం తీసి, విదిలించి, ఖుష్బూ గడ్డం పట్టుకుని ఒక కంటికి సుర్మా దిద్దింది. పుల్లను చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఆ కంటికి నువ్వు పెట్టు. నేను పంపలేదని ఎవరు సెప్పినారు? ఆయన నా మొగుడా, కాదా? ఆయన చేతితో వచ్చింది నేను పంపినట్టు కాదా? నీకు తెలియకుంటే నాకు తెలుసు. ఉంచుకో."

ఖాసింబీ అక్క ముఖం వైపే చూస్తూ పెట్టడంతో, ఖుష్బూ రెండో కంటి కింద సుర్మా కాస్త పాకింది. పెళ్లికూతురు ఏడ్చిందని పత్తికొండ వాళ్లు మెచ్చుకున్నారు.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి సాబ్‌ను తిట్టడం మొదలుపెట్టారు. ఒకరు ఆగిన చోట మరొకరు అందుకున్నారు. అబద్ధాలోడా అని ఒకరు, అమ్మ సామాను మిషనుకు బిగిస్తావా అని ఒకరు. ఖాజీగారు కబురు పంపినా ఆగలేదు. తనను అంత బాగా తిట్టడం సాబ్ ఎన్నడూ వినలేదు. ఆయన గోడకు ఆనుకుని, బిర్యానీ తింటున్నంత తృప్తిగా విన్నాడు.

ఖాసింబీ యెమ్మిగనూరు వెంటనే పోలేదు. ఖుష్బూకు కూడా ఒకటి కావాలని, ఇద్దరూ షాపుకు వచ్చి ఆయిలు డబ్బాలు బోర్లించుకుని మిషనుకు అటూ ఇటూ కూర్చున్నారు. పైరూపాన్ని మిషను అప్పటికే నకలు తీసింది. లోపలిది వంకరగా రావాలి కాబట్టి సాబ్ చేత్తో తొలుస్తున్నాడు.

"ఆ పక్కకు వాలల్ల. సొట్ట వైపు" అంది నసీబ్‌బీ.

"సొట్ట వైపు కాదు ఆపా. సొట్టకు ఎదురు వైపు. నా పన్ను నాకు తెల్దా?"

"నీ పన్నా? నీకు అప్పటికి పండ్లే రాలేదు."

సాబ్ బర్మా ఆపి, చెమట తుడుచుకున్నాడు. "ఏమమ్మా, అసలుది నీ సంచిలోనే ఉండాది కదా? తియ్యి, పుల్ల వదిలి సూసుకుందాం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఖాసింబీ సంచి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. నసీబ్‌బీ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"దాన్ని మళ్లీ నీ చేతికి ఇస్తామా? నువ్వు తొలువు."